క్రీడాశిబిరములు – అంటురోగములు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన సంఘము విద్యార్థి వసతిగృహములను నెలకొల్పుటయు, బీదవిద్యార్థులకు వేతనములను పంచిపెట్టుటయు, వేసవి సెలవులలో బాలబాలికలకు క్రీడాశిబిరములను నడపుచుండుటయు మీరందఱు నెఱిగినదియే. పుస్తకముపై వంగి వంగి గూనివారగుచున్న పిల్లలను మైదానమునకు బిలిచి కబడ్డీ, ఖోఖో, వాలీబాలు, కుస్తీ మున్నగు క్రీడలయందు శిక్షణ మిప్పించుట మిక్కిలి శ్లాఘనీయమగు కార్యము. ఇందుకు ధనసహాయ మొనర్చిన వదాన్యులను సంఘము మఱవజాలదు.

ఐనను ఈ సత్కార్యముతో గూడ నొక బరువు మనపై బడినది. ఇంట నున్న బిడ్డకు తల్లియే కాపరి. బిడ్డ కన్నులు కొంచెము వాడినను, అన్నము కొంచెము తగ్గినను ఆమె యెవరును చెప్పకయే కనిపెట్టును. ఆ బిడ్డ శిబిరముననున్న పదునైదు దినములును ఆ కాపరితనము సంఘమునదే. అఱువది యిండ్లనుండి వచ్చిన అఱువదిమంది పిల్లలు ఒక కప్పుక్రింద పరుండి, ఒక వంటశాలలో భుజించి, ఒకరి నొకరు పట్టుకొని యాడుదురు. పిమ్మట అఱువది యిండ్లకు మరలిపోదురు. ఒక యింట పుట్టిన జ్వరము అఱువది యిండ్లకు బోవుటకు ఇంతకంటె చక్కని బాట వేఱొకటి యుండబోదు. ఆ బాటను మూయు విధమేమి యనునదియే నేటి మా ప్రసంగవిషయము.

రోగము మనుష్యునినుండి మనుష్యునికి సంక్రమించునను సంగతి పాశ్చాత్యులు చెప్పిన తరువాతనే మనకు తెలిసినదని కొందఱు తలచుచుందురు. అది సరికాదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున, కుష్ఠనిదానమను పంచమాధ్యాయమునందు సంక్రమణమార్గములు చెప్పబడియున్నవి. శరీరస్పర్శ, నిశ్వాసము, సహభోజనము, ఒకే శయ్యను ఆసనమును పంచుకొనుట, ఒకరు తాల్చిన వస్త్రములను, మాలలను, అనులేపనములను మఱియొకరు తాల్చుట – వీనివలన జ్వరము, నేత్రాభిష్యందము మున్నగునవి ఒకరినుండి యొకరికి పోవునని యందలి తాత్పర్యము. సూక్ష్మజీవులను కంటితో జూచి, ఏ రోగమే మార్గమున వచ్చునో, ఎన్ని దినములకు బయటపడునో లెక్కకట్టి చెప్పినది మాత్రము ఆధునికవైద్యశాస్త్రమే. ఆ ప్రాచీనమగు పట్టికను ఒక చేతను, ఈ నవీనమగు లెక్కను మఱియొక చేతను బట్టుకొని మన శిబిరమును ఒకసారి చుట్టివత్తము.

మొదటిది నిశ్వాసము. తట్టు లేక పొంగు అని మనవారు పిలుచు వ్యాధి యీ మార్గమున వచ్చువానిలో మిక్కిలి వేగవంతమైనది. రోగి యున్న గదిని విడిచిపోయిన తరువాత గూడ దాని వైరసు 2 గంటలవఱకు గాలియందు నిలువగలదు. రక్షణలేని వారు రోగికి సమీపమున నున్నచో 10 మందిలో 9 మందికి సోకును. దద్దురు పొడచూపుటకు 4 దినములు ముందునుండి 4 దినములు తరువాతివఱకు ఇది యంటును. ఆటలమ్మ యనునది పొక్కులు కానవచ్చుటకు ఒకటి రెండు దినములు ముందుగనే యంటనారంభించి, పొక్కులన్నియు పక్కుగట్టువఱకు నంటుచుండును. సోకినది మొదలు బయటపడుటకు 10 మొదలు 21 దినములు పట్టును. గవదబిళ్ళలు వాపు వచ్చిన పిదప 5 దినములవఱకు నంటును. ఇన్‌ఫ్లుయెంజా తొలి మూడు నాలుగు దినములలో నెక్కువగ నంటును. వీనికి ప్రధానమగు ప్రతిక్రియ ఖర్చులేనిది: కిటికీలు తెఱచియుంచుట. ఎండవేడిమికి జడిసి తలుపులన్నియు బిగించి, ఒక కూలరు బెట్టి నలువదిమందిని పరుండబెట్టు హాలు రోగమునకు పుట్టినిల్లు.

రెండవది స్పర్శ. కుస్తీయు కబడ్డీయు స్పర్శలేకుండ నుండవు. తామర, గజ్జి, చీముపొక్కులు ఈ మార్గమున వచ్చును. గజ్జి మొదటిసారి సోకినప్పుడు దురద పుట్టుటకు 4 మొదలు 6 వారములు పట్టవచ్చును. అనగా శిబిరమున నంటినది శిబిరము ముగిసి యింటికి బోయిన పిదప బయటపడును. కావున ఆటకు ముందు చర్మమును పరీక్షించుట, మానని పొక్కు గలవానిని వైద్యుడు చూచువఱకు పట్టులాటకు దింపకుండుట, ఆట ముగిసినవెంటనే సబ్బుతో స్నానము చేయించుట, కుస్తీచాపలను ప్రతిదినము క్రిమినాశకముతో తుడుచుట విధిగా పాటింపవలెను.

మూడవది సహభోజనము. టైఫాయిడు, హెపటైటిస్-ఎ యను పచ్చకామెర్లు, విరేచనములు నీటివలనను ఆహారమువలనను వచ్చును. ఆడి యలసిన పిల్లవాడు కుండవద్దకు పరుగెత్తి, అందఱు ఎంగిలిచేసిన ఒక్క గ్లాసును ముంచి త్రాగును. మజ్జిగలో వేసిన మంచుగడ్డ ఏ నీటితో గట్టినదో ఎవరును విచారింపరు. నీటిని తెరలకాచి చల్లార్చి యీయవలెను. అంత వీలులేనిచో 1,000 లీటర్ల నిర్మలమగు నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగుపౌడరు గలిపి, గంటసేపు నిలువయుంచి, లీటరునకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో పరీక్షించి వాడవలెను. ఎవరి గ్లాసు వారికే. వంటవానికి విరేచనములైనచో అవి కట్టిన పిదప 2 దినములు గడచువఱకు, కూలి తగ్గింపక, వంటశాలకు దూరముగ నుంచవలెను. కూలి తగ్గించినయెడల అతడు తన రోగమును చెప్పడు. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన; దీనిని మరల నెత్తుకొందుము.

నాల్గవది శయ్యాసనములు. చాపలు ప్రక్కప్రక్కన జేర్చి పరచుట మన యలవాటు. రెండు పడకలనడుమ కనీసము మూడడుగుల యెడముండవలెను. ఒకని తల ప్రక్కవాని పాదములవైపున కుండవలెను. ఐదవది వస్త్రమాల్యములు. నేటి శిబిరమున మాలలు లేవుగాని తువాళ్లు, మోకాలితొడుగులు, టోపీలు, జెర్సీలు కలవు. 2023వ సంవత్సరమున జూలై, ఆగస్టు మాసములలో తెలుగునాట పాఠశాలలను, వసతిగృహములను కండ్లకలక చుట్టుముట్టిన సంగతి మీకు తెలియును. రోగి కన్నులలోనికి చూచినమాత్రమున అది యంటునని పలువురు నేటికిని నమ్ముచున్నారు. చూపు దోషములేనిది, దోషము చేతులది, తువాలుది. కన్ను నలిపిన చేతితో బంతిని పట్టిన వాడు ఆ బంతితోపాటు రోగమునుగూడ విసరును.

ఇంతవఱకు చెప్పినది చాలినంత జాగ్రత్తగల యే శిబిరాధికారియైనను చేయగలడు. కాని యొక చిక్కు మిగిలియున్నది. రోగము పూర్తిగ కానరాక, పూర్వరూపమునందున్నప్పుడే యంటును. ద్వారముకడ వైద్యపత్రమును చూచి లోనికి బంపినంతమాత్రమున దానిని ఆపలేము. ఇందుకు రెండు దృష్టాంతములు విన్నవింతుము. ఇవి దూరదేశముల సంగతులే యైనను, అచ్చటి ప్రజారోగ్యాధికారులు వానిని చక్కగ విచారించి ప్రకటించియున్నారు గాన మనకు పాఠములగుచున్నవి.

2007వ సంవత్సరము ఆగస్టునందు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున సౌత్ విలియమ్స్‌పోర్టు నగరములో లిటిల్ లీగను బాలుర బేస్‌బాలు ప్రపంచపోటీలు జరిగినవి. జపానునుండి వచ్చిన 12 ఏండ్ల బాలుడొకడు స్వదేశమున సోకిన తట్టును తనతో దెచ్చెను. అతనితో గలిపి 7 గురికి ఆ వ్యాధి వచ్చినట్లు తేలినది. పెన్సిల్వేనియా, మిచిగాన్, టెక్సాస్ అను మూడు రాష్ట్రముల యధికారులు దానివెంట పరుగిడవలసివచ్చెను. ఏడుగురితోనే యది యాగుటకు ఆ దేశమున హెచ్చుమందికి టీకా పడియుండుటయే ముఖ్యకారణము.

రెండవ దృష్టాంతము 2020వ సంవత్సరము జూన్ మాసమున జార్జియా రాష్ట్రమునందలి ఒక బాలబాలికల వసతిశిబిరము. అది కోవిడు ప్రబలియున్న కాలము. చేరువారందఱు రాకకుముందు 12 దినములలోపల పరీక్ష చేయించుకొని, రోగము లేదను పత్రమును తేవలెనని నియమము. ఉద్యోగులు ముఖమునకు గుడ్డ కట్టుకొనిరి; పిల్లలకు ఆ నియమము లేదు. గాలికై కిటికీలు, తలుపులు తెఱచియుంచలేదు. పాటలును కేకలును నిత్యము జరిగెను. జూన్ 22వ తేదీ సాయంకాలమున ఒక యుద్యోగికి చలి పుట్టెను. 24వ తేదీనుండి పిల్లలను ఇండ్లకు బంపుట మొదలుపెట్టి, 27వ తేదీన శిబిరమును మూసివేసిరి. ఆ రాష్ట్రవాసులు 597 మంది అందుండగా, పరీక్షాఫలితములు తెలిసిన 344 మందిలో 260 మందికి రోగము సోకినట్లు తేలెను. పత్రము పరీక్షించిన నాటి సంగతి చెప్పును. రేపటి సంగతి చెప్పజాలదు.

కావున శిబిరమునకు రక్షణ ద్వారముకడ లేదు. ప్రతిదినము ప్రతి పిల్లవాడును నిర్భయముగ చెప్పు ఒక చిన్న మాటయం దున్నది. "అయ్యా! నాకు ఒళ్లు వెచ్చగ నున్నది" అను మాటయే అది. ఆ మాట వెంటనే వచ్చినచో ఒక గదితో పోవు రోగము, మూడు దినములు దాగినచో శిబిరమంతయు నాక్రమించును. మఱి పిల్లవాడు ఆ మాట నేల చెప్పడు?

మేమెఱిగిన యొక శిబిరమున జరిగిన దానిని పేరులు విడిచి చెప్పెదము. చక్కగ కబడ్డీ యాడు పదునాలుగేండ్ల బాలునికి, జట్టును నిర్ణయించుటకు రెండు దినములు ముందు, జ్వరము దగిలినది. తల్లి ప్రయాణమున కక్కఱకు వచ్చునని సంచిలో నుంచిన పారాసిటమాలు మాత్రలను పూటకొకటి మ్రింగి, ఒడలు చల్లబడగానే మైదానమునకు బోయెను. జట్టులో స్థానము దొరికినది. మఱునాడు ముఖమున పొక్కులు పొడచూపినవి. శిబిరము ముగిసి అందఱు ఇండ్లకు చేరిన రెండు వారములకు అతని గదిలో పరుండినవారిలో నలుగురికి ఆటలమ్మ వచ్చెను. వారిలో నొకని యింట పురిటికి వచ్చిన అక్కగారుండిరి. ఆమెకును సోకెను. నిండు గర్భిణులకు ఆ వ్యాధి ఊపిరితిత్తులను బట్టి ప్రాణాపాయము గలిగింపగలదు. పురిటిగడియలలోనైనచో శిశువునకును ముప్పు. ఆమె పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండి బయటపడినది. తల్లియు బిడ్డయు నేడు క్షేమముగ నున్నారు.

ఆ బాలుని మేము నిందింపము. జ్వరము వచ్చినవారిని వెంటనే యింటికి బంపుదురనియు, కట్టిన రుసుము తిరిగి యీయబడదనియు, నిర్ణయదినమున లేనివారికి జట్టులో చోటులేదనియు ఆ శిబిరపు నియమపత్రమున అచ్చువేసియుండిరి. ఆ పత్రమును వ్రాసినవారు రోగమును ఆపదలచి, దాచుమని పిల్లలకు నేర్పిరి. అతడు మాత్ర మ్రింగుట ఆ నియమమునకు విధేయుడగుటయే. మాత్ర జ్వరమును దించును గాని అంటును దించదు. జ్వరముతో తీవ్రముగ శ్రమించుట హృదయకండరమునకు గూడ హాని గావింపవచ్చును. ఈ సంగతి యతనికి చెప్పినవారు లేరు. చెప్పినను ఆ నియమముండగా వినడు.

కూలి తగ్గుననిన వంటవాడు చెప్పడు. చోటు పోవుననిన పిల్లవాడు చెప్పడు. రుసుము పోవుననిన తండ్రి చెప్పడు. నిజము చెప్పినవానికి నష్టము రాకుండ జేయుటయే అంటురోగనివారణమున మొదటి యౌషధమని మా దృఢవిశ్వాసము. ఇందుకై యీ మహాసభ కొన్ని నిర్ణయములు గావింపవలెనని మనవిచేయుచున్నాము.

ప్రథమమున, రోగముచే శిబిరమును విడిచిన బిడ్డ రుసుములో మిగిలిన దినములకు దగిన మొత్తమును అడుగకముందే తిరిగి యీయవలెను. రెండవది, జట్టు నిర్ణయమునాడు రోగముతోనున్నవానిని, కోలుకొనిన పిదప వేఱొక దినమున పరీక్షించి చోటీయవలెను. మూడవది, శిక్షకుడు మొదటి సాయంకాలముననే పిల్లలనందఱిని గూర్చుండబెట్టి యీ రెండు నియమములను తన నోట చెప్పవలెను. జ్వరము చెప్పినవానిని పిరికివాడనిన శిక్షకుడు మన శిబిరమున నుండరాదు. నాల్గవది, పిల్లలు తెచ్చిన మాత్రలన్నియు చేరుదినముననే నర్సువద్ద పేరు వ్రాయించి యుంచవలెను. వైద్యుని యనుజ్ఞలేక, విశేషించి ఆస్పిరిను మాత్రను, పిల్లల కీయరాదు. ఇన్‌ఫ్లుయెంజాయందును ఆటలమ్మయందును అది మిక్కిలి హానికరము.

ఐదవది, ప్రతి యుదయమున థర్మామీటరుతో పరీక్ష; బాలికలను స్త్రీలే పరీక్షింపవలెను. 100.4 డిగ్రీలు గాని అంతకంటె నెక్కువగాని యున్నచో ఆ దినమున ఆట లేదు, వైద్యుని పిలువవలెను. సామాన్యమగు జ్వరమైనచో మాత్ర సహాయములేక 24 గంటలు జ్వరములేకున్న పిదపనే మైదానమునకు రానీయవలెను. తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలైనచో ముందు చెప్పిన గడువు తీరువఱకు రానీయరాదు. ఆఱవది, వెలుతురును గాలియు గల రెండు గదులు రోగులకై ప్రత్యేకింపబడవలెను. అవి చెఱసాలలవలె నుండరాదు. తల్లి వచ్చి ప్రక్కన కూర్చుండుటకు కుర్చీయు, ఆమెకు భోజనమును ఉండవలెను. ఏడవది, అంటురోగము తేలిన దినముననే, బిడ్డ పేరు చెప్పక, తక్కిన తల్లిదండ్రులందఱికి దెలుపవలెను. ఆటలమ్మవంటిది తేలినచో శిబిరము ముగిసిన 21 దినములవఱకు వారి క్షేమము విచారింపవలెను. ఇంట గర్భిణులు, పసికందులు ఉన్నారేమో ముందుగ నడిగి తెలిసికొనుట మఱియు మంచిది.

టీకాల విషయము తల్లిదండ్రుల చేతిలోనున్నది. తట్టునకును రుబెల్లాకును టీకా 9 మొదలు 12 నెలలలోపల నొకసారి, 16 మొదలు 24 నెలలలోపల మఱియొకసారి ప్రభుత్వము ఉచితముగ వేయించుచున్నది. ధనుర్వాతమునకును కంఠసర్పికిని జేరిన టీడీ టీకాకు 10వ యేడును 16వ యేడును నియతకాలములు. అవి సరిగ క్రీడాశిబిరములకు వచ్చు వయస్సులే. హైదరాబాదునందు తయారైన టైఫాయిడు కాంజుగేటు టీకా 2017 డిసెంబరునందు ప్రపంచారోగ్యసంస్థవారి ఆమోదము పొందినది. ఆటలమ్మకును గవదబిళ్ళలకును టీకాలు కలవు. వైద్యుని సలహాపై వేయింపవచ్చును. దరఖాస్తుతోపాటు టీకాపట్టిక నకలును గోరవలెను. వేయించుకొననివానిని త్రోసిపుచ్చుట కొఱకు గాక, శిబిరమునకు నెల దినములు ముందే వేయించుట కొఱకు గోరవలెను.

ఇక నొక సున్నితమగు విషయము. అంటు అను మాటకు మన భాషలో రెండర్థములున్నవి. రోగమున కన్వయించు అంటు ఒకటి. మనుష్యుని మనుష్యుడు దూరముంచిన అంటు మఱియొకటి. ఆ రెండవది రాజ్యాంగమునందలి 17వ అధికరణముచే రద్దుచేయబడిన మహాపాపము. రోగి యగు బిడ్డను వేఱుగదిలో నుంచునప్పుడు, పాకీపని చేయువారితోడను వంటవారితోడను వ్యవహరించునప్పుడు, ఈ రెంటిని కలగాపులగము చేయరాదు. తట్టు గోత్రము నడుగదు. మన పిల్లలు పోటీలలో అన్ని కులములవారి పిల్లలతోను ఆడుదురు. మన శిబిరమునందు మనము తీసికొను జాగ్రత్త ఆ పిల్లలందఱికిని రక్షయే.

అమ్మవారు పోసినదని పలుకు తల్లులను కొందఱు చదువుకొన్నవారు పరిహసింతురు. అది తగదు. గుమ్మమున వేపమండలు గట్టుట, బయటివారిని లోనికి రానీయకుండుట, బిడ్డను ప్రత్యేకముగ నొక చోట పరుండబెట్టి చల్లగ జూచుట, నీళ్లు పోయువఱకు ఊరు దాటనీయకుండుట – ఇవి రోగమును చాటి చెప్పు నాచారములు గాని దాచు నాచారములు గావు. ఆ గుమ్మమును జూచిన బాటసారి తప్పుకొని పోవును. ఇంటివారికి సిగ్గు లేదు, అమ్మవారి రాక గౌరవమేగాని అవమానము గాదు. తల్లులారా! వేపమండలు కట్టుడు, వైద్యుని గూడ పిలువుడు. మన పెద్దలు గుమ్మముపై చూపిన ఆ నిజాయితీని మన పిల్లలు శిబిరముననుండియు చూపునట్లు చేయుడు.

పోషకమహాశయులారా! కప్పులకును పతకములకును మీరొసంగిన విరాళములవలన మన బాలురు బాలికలు ఉత్సాహవంతులైరి. ఈ సంవత్సరము మీ దాతృత్వమును మఱియొక వైపునకు గూడ ద్రిప్పవలసినదని వేడుచున్నాము. రెండు గదులకు కిటికీలు, ఒక నర్సు జీతము, నీటిపరీక్షకు సామగ్రి, రాత్రివేళ ఆసుపత్రికి బోవుటకు వాహనము, రుసుము తిరిగి యిచ్చుటకు నిధి – ఇవి ఫలకములపై పేరులు చెక్కదగిన కార్యములు కావు. ఒక యింటి అక్కగారు ఆసుపత్రికి బోకుండుటయే వీని ఫలము. అట్టి ఫలము కంటికి కానరాదు. కానరానిదానికై యిచ్చుటయే దానములలో కష్టతరమగు దానము.

కార్యనిర్వాహకవర్గమువారు వచ్చు వేసవి శిబిరపు నియమపత్రమును అచ్చున కిచ్చుటకు ముందు, రుసుమును గూర్చియు జట్టులో చోటును గూర్చియు మేము విన్నవించిన మొదటి రెండు నియమములను అందు జేర్చుదురుగాక. తక్కినవి నెమ్మదిగ సమకూర్చుకొనవచ్చును. ఈ రెండింటికి ఆలస్యము పనికిరాదు. మన పిల్లలందఱు ఆరోగ్యవంతులై, దృఢగాత్రులై, నిజము పలుకుటకు వెఱవనివారై వర్ధిల్లుదురుగాక యని యాశీర్వదించుచు విరమించుచున్నాము.